ఈసుకుపోయిన ఈతకు లెక్క ఎక్కడ?

గొర్రె చచ్చిపోతే దానికో కాగితం ఉంటుంది. చెవి పోగు చూపిస్తాం, డాక్టరు రాసిస్తారు, బీమా ఉంటే నాలుగు రోజులు ఆఫీసు చుట్టూ తిరుగుతాం. అదే గొర్రె ఇంకో పదిహేను రోజుల్లో ఈనుతుందనగా ఈసుకుపోతే ఏ రిజిస్టరులోనూ ఎక్కదు. తల్లి బతికే ఉంది కదా అంటారు. పుట్టని పిల్లకు చెవీ లేదు, పోగూ లేదు.

మందలో ఒకటి రెండు పోతే కాపరి సర్దుకుంటాడు. ముప్ఫై చూడి గొర్రెల్లో ఎనిమిదో తొమ్మిదో ఈసుకుపోయిన ఏడాది ఆ ఇల్లు సర్దుకోలేదు. అయిదు నెలల మేత, కాపు, మందుల ఖర్చు పోతాయి. సంతకు తోలాల్సిన పిల్ల పోతుంది. ఆ డబ్బు చూసుకుని తెచ్చిన అప్పు మాత్రం నిలిచే ఉంటుంది. పొలంలో మంద పెట్టించుకునే రైతుకు కూడా ఇది తనది కాని సమస్య కాదు. మంద చిక్కిపోతే పెంట చిక్కుతుంది.

2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు సుమారు 7 కోట్ల 43 లక్షలు. తెలంగాణలో 1 కోటి 91 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో 1 కోటి 76 లక్షలు. మొదటి స్థానం, రెండో స్థానం మనవే. దేశంలోని గొర్రెల్లో దాదాపు సగం రెండు తెలుగు రాష్ట్రాల్లో ఉన్నాయి. ఇంత మంద ఉన్నచోట, ఈసుకుపోయిన గొర్రెకు ఏ జబ్బు వచ్చిందో తేల్చి చెప్పే ఏర్పాటు ఎంతవరకు ఉందో మన సభ్యులకు చెప్పనక్కర్లేదు. కొత్త గడ్డి మేసింది, కుక్క తరిమింది, పొట్టేలు పొడిచింది, దిష్టి తగిలింది అనుకుని ఊరుకుంటున్నాం. కొన్నిసార్లు అది నిజం కూడా కావచ్చు. కానీ ఒకే దొడ్డిలో, ఒకే నెలలో, నెలలు నిండబోయే గొర్రెలు వరసగా ఈసుకుపోతున్నాయంటే అది దిష్టి కాదు, అంటురోగం.

ఈసుకుపోవడానికి కారణమయ్యే క్రిములు చాలా ఉన్నాయి. బ్రూసెల్లా పేరు మనలో చాలామంది విన్నారు. క్లామిడియా పేరు విన్నవాళ్లు తక్కువ. గొర్రెలు, మేకల్లో ఈతలు పోగొట్టే ఆ క్రిమిని శాస్త్రవేత్తలు క్లామిడియా అబార్టస్ అంటారు. మన దేశంలోని గొర్రెలు, మేకల రక్త పరీక్షల్లో దాని ఆనవాళ్లు దొరికాయని పశువైద్య పరిశోధకులు పలుమార్లు రాశారు. మన పశువైద్యశాలల్లో వేసే చిటుకు రోగం, పారుడు రోగం, మశూచి, నీలి నాలుక టీకాల జాబితాలో మాత్రం దీనికి టీకా లేదు. అసలు ఇలాంటి టీకా ప్రపంచంలో ఉందా, ఉంటే ఎలా తయారైంది, మనం దేన్ని అడగాలి అన్నదే ఈ నెల మా సంపాదకీయం.

ముందు ఈ క్రిమి స్వభావం తెలియాలి. ఇది కణం బయట పెరగదు. బయట ఉన్నంతసేపు ఎండిన విత్తనంలా గట్టి పొట్టుతో పడి ఉంటుంది. జీవి కణంలోకి దూరాకే మొలకెత్తినట్టు విచ్చుకుని, వందలుగా పెరిగి, మళ్లీ విత్తనాల రూపంలో కణాన్ని చీల్చుకుని బయటికొస్తుంది. ఈసుకుపోయిన గొర్రె మాయలో, ఉమ్మనీటిలో ఈ విత్తనాలు కోట్లలో ఉంటాయి. పక్కనున్న గొర్రె ఆ మాయను వాసన చూసినా, అది పడ్డ గడ్డి తిన్నా అంటుకుంటుంది.

తర్వాత జరిగేదే కాపరిని మోసం చేస్తుంది. చూడి లేని గొర్రెకు అంటుకుంటే ఏమీ కనిపించదు. జ్వరం ఉండదు, మేత మానదు. క్రిమి లోపల ఎక్కడో నక్కి ఉంటుంది. గొర్రె చూడి కట్టాక, దాదాపు మూడు నెలలు దాటిన దగ్గర్నుంచి మాయలోకి చేరి దాన్ని కుళ్లబెడుతుంది. ఆఖరి రెండు మూడు వారాల్లో పిల్ల పడిపోతుంది, లేదా బతకలేని బలహీనమైన పిల్ల పుడుతుంది. అంటే ఈ ఏడాది ఈతల్లో అంటుకున్న రోగం వచ్చే ఏడాది బయటపడుతుంది. సంతలో నున్నగా కనిపించే గొర్రెను కొని మందలో కలిపినవాడికి ఆ గొర్రె ఏం మోసుకొచ్చిందో తెలిసేసరికి మరో ఈతకాలం వచ్చేస్తుంది. ఒకసారి ఈసుకుపోయిన గొర్రె సాధారణంగా మళ్లీ ఈసుకుపోదు. ఆలోపు అది పక్కవాటికి పంచిపెట్టి ఉంటుంది.

ఈ జబ్బుతో ఎక్కువ కాలం కుస్తీ పట్టిన దేశం స్కాట్లాండ్. అక్కడ ఎడిన్‌బరో దగ్గర మోర్డన్ అనే పరిశోధన సంస్థ ఉంది. దాన్ని 1920లో స్థాపించింది ప్రభుత్వం కాదు, మందుల కంపెనీ కాదు. పశువులు రోగాలతో పోతున్నాయి, ఎవరూ పట్టించుకోవడం లేదని ఆ దేశపు రైతులు సంఘంగా ఏర్పడి, చందాలు వేసుకుని పెట్టుకున్న సంస్థ అది. రైతు సంఘం పత్రికలో ఈ మాట నొక్కి రాయడానికి మాకు మొహమాటం లేదు.

1936లో అక్కడి శాస్త్రవేత్త గ్రేగ్ గొర్రెలు ఈసుకుపోయే ఈ జబ్బును వర్ణించి రాశాడు. కారణం మాత్రం మేతలో లోపం అనుకున్నాడు. మన కాపరి కొత్త గడ్డిని తప్పుపట్టినట్టే, చదువుకున్నాయనా మేతనే తప్పుపట్టాడు. 1950లో అదే సంస్థకు చెందిన స్టాంప్, ఆయన సహచరులు ఈసుకుపోయిన గొర్రెల మాయల్లోంచి క్రిమిని పట్టుకుని, అది అంటురోగమని తేల్చారు. మామూలు సీసాల్లో పెరగని క్రిమి కాబట్టి కోడిగుడ్డు పచ్చసొన సంచిలో పెంచారు. దాన్ని ఫార్మాలిన్‌తో చంపి 1950లలోనే టీకా చేశారు. టీకా వేసిన మందల్లో ఈసుకుపోవడం బాగా తగ్గింది.

అక్కడితో కథ అయిపోలేదు. రెండు దశాబ్దాలు గడిచాక, 1970ల చివర, 1980లలో, టీకా వేసిన మందల్లోనే గొర్రెలు మళ్లీ ఈసుకుపోవడం మొదలైంది. టీకా బలం చాలడం లేదా, క్రిమి రకం మారిందా అని వాదనలు నడిచాయి. కొత్తగా దొరికిన రకాన్ని కూడా టీకాలో కలిపారు. ఒకసారి కనిపెట్టిన టీకా ఎప్పటికీ పనిచేస్తుందనుకుని పరిశోధనశాలకు తాళం వేస్తే ఇలాగే ఉంటుంది. మన విత్తనాల విషయంలో, పురుగుమందుల విషయంలో ఈ అనుభవం మనకు కొత్త కాదు.

అదే కాలంలో ఫ్రాన్స్‌లోని నూజిల్లీలో, ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన సంస్థలో, అన్నీ రొడొలాకిస్ అనే శాస్త్రవేత్త మరో దారి పట్టింది. చంపిన క్రిమికి బదులు బతికున్న క్రిమినే బలహీనపరిచి టీకా చేయాలనుకుంది. రోగకారక క్రిమిని ఒక రసాయనంతో మార్పులకు గురిచేసి, వాటిలోంచి 35 డిగ్రీల దగ్గర పెరుగుతూ 39.5 డిగ్రీల వేడిలో పెరగలేని రకాన్ని ఏరింది. దానికి 1బి అని పేరు పెట్టారు. గొర్రె ఒంటి వేడి మనిషి కన్నా ఎక్కువ, 39 డిగ్రీల పైనే ఉంటుంది కాబట్టి, ఈ క్రిమి గొర్రె ఒంట్లో కొద్దిగా పెరిగి, రోగనిరోధక శక్తిని లేపి, ఆగిపోతుందన్నది ఆలోచన. యూరప్‌లో ఇప్పటికీ ఎక్కువగా వాడే టీకా ఇదే. పొట్టేలు కలపడానికి కనీసం నాలుగు వారాల ముందు వేయాలి. చూడి గొర్రెకు వేయకూడదు. టెట్రాసైక్లిన్ మందు వాడుతున్న గొర్రెకు వేసినా దండగే, మందు టీకా క్రిమిని కూడా చంపేస్తుంది.

ఈ టీకా లక్షల ఈతలను కాపాడింది. కానీ 2010లో మోర్డన్ శాస్త్రవేత్తలు టీకా వేసినా ఈసుకుపోయిన గొర్రెల మాయలను పరీక్షించినప్పుడు కొన్నింట్లో టీకా క్రిమి 1బి యే కనిపించింది. తర్వాత 2018లో జన్యుక్రమం మొత్తం చదివి, ఇది నిజంగా బలహీనపడిన రకమేనా, లేక అసలు రోగకారక క్రిమేనా అన్న ప్రశ్ననే ముందుకు తెచ్చారు. అయినా అక్కడి పశువైద్యులు టీకా మానేయమని చెప్పలేదు. వేయకపోతే జరిగే నష్టం వేస్తే జరిగే నష్టం కన్నా చాలా ఎక్కువ. మరోపక్క, బతికున్న క్రిమి లేకుండా దాని పైపొట్టులోని ప్రొటీన్లను మాత్రం వేరుచేసి కొత్త టీకా తయారుచేసే పనిలో మోర్డన్ సంస్థ పడింది. గొర్రెల్లో చేసిన పరీక్షల్లో దానికి మంచి ఫలితాలు వచ్చాయి.

ఈ తప్పొప్పులన్నీ బయటపడింది ఎక్కడ? చివరికి గొర్రెలోనే. ఇక్కడ కొంచెం ఆగి, జంతువుల మీద పరీక్ష అంటే ఏమిటో చెప్పుకోవాలి.

టీకా పరిశోధన సాధారణంగా ఎలుకతో మొదలవుతుంది. ఎలుక చవక, చిన్న బోనులో పడుతుంది, ఏడాదికి ఎన్ని పరీక్షలైనా చేయొచ్చు. క్లామిడియా పరిశోధనలోనూ చూడి ఎలుకలను చాలా వాడారు. ఏ రకం క్రిమి ఎక్కువ ప్రమాదకరం, ఏది తక్కువ అని వేరుచేయడానికి అవి పనికొచ్చాయి. కానీ ఎలుక చూడి కాలం మూడు వారాలు. గొర్రెది 147 రోజులు, అటూ ఇటూ. ఎలుక ఒక్కసారే గంపెడు పిల్లలను పెడుతుంది, దాని మాయ నిర్మాణం వేరు. క్రిమి ఏడాదిపాటు నక్కి ఉండి, చూడి ముదిరాక బయటపడడమే గొర్రెలో ఈ రోగానికి ప్రాణం. మూడు వారాల చూడిలో దాన్ని ఎలా చూస్తారు? మనుషులకు వచ్చే క్లామిడియా విషయంలోనూ ఇదే చిక్కు. ఆ క్రిమిని ఎలుక ఒళ్లు తనదైన పద్ధతిలో త్వరగా వదిలించుకుంటుంది, మనిషి ఒళ్లు అలా చేయలేదు. ఎలుకలో గెలిచిన టీకా అసలు జీవిలో గెలుస్తుందన్న హామీ లేదు.

గొర్రెలో పరీక్ష చేయాలంటే పని పెద్దది. రోగం లేని మందల నుంచి గొర్రెలను తేవాలి, రక్త పరీక్ష చేయాలి, టీకా వేయాలి, పొట్టేలుతో కలపాలి. చూడి 70 రోజులు అయ్యాక కావాలనే క్రిమిని ఎక్కించాలి. టీకా వేసినవి కొన్ని, వేయనివి కొన్ని వేరువేరు షెడ్లలో పెట్టి ఈనేదాకా ఆగాలి. ప్రతి మాయనూ పరీక్షించాలి. ఒక కాన్పు కాలం తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి. పనిచేసేవాళ్లకు అంటకుండా కట్టుదిట్టమైన షెడ్లు కావాలి. దీనికి డబ్బు, ఓపిక రెండూ కావాలి. త్వరగా లాభం చూడాలనుకునే కంపెనీకి ఈ రెండోది ఉండదు. అందుకే ఈ పని స్కాట్లాండ్‌లో రైతులు పెట్టుకున్న సంస్థలో, ఫ్రాన్స్‌లో ప్రభుత్వ సంస్థలో జరిగింది. ఇది యాదృచ్ఛికం కాదని మేము అనుకుంటున్నాం.

మూగజీవాల మీద ఇలా చేయొచ్చా అని మన సభ్యుల్లో కొందరు అడుగుతారు. అడగాలి కూడా. చూడి గొర్రెకు కావాలని రోగం అంటించడం చిన్న విషయం కాదు. మన దేశంలో జంతువులపై హింస నివారణకు 1960లో వచ్చిన చట్టం కింద ప్రయోగాలను పర్యవేక్షించే కమిటీ ఉంది, దాని అనుమతి లేకుండా చేయకూడదు. ఆ నియమాలు గట్టిగా అమలు కావాలి. కానీ సరైన జంతువులో కొద్ది సంఖ్యలో, జాగ్రత్తగా చేసే పరీక్షను ఆపితే, ప్రతి ఏటా దొడ్లలో పరీక్ష లేకుండానే వేల గొర్రెలు అదే బాధ పడతాయి. మా దృష్టిలో ఫలితం రాదని తెలిసీ తప్పుడు జంతువులో పదేళ్లు ప్రయోగాలు చేయడమే ఎక్కువ క్రూరం.

సరైన జంతువులో పరీక్షిస్తే ఏమవుతుందో ఆస్ట్రేలియాలో ఈమధ్యే చూశాం. అక్కడి కోలా అనే చెట్టుమీద బతికే జంతువులు క్లామిడియాతో గుడ్డివై, గొడ్డుబోయి అంతరించే స్థితికి వచ్చాయి. వాటికి రోగం తెచ్చేది క్లామిడియా పెకోరమ్. అదే క్రిమి గొర్రెలకు, పశువులకు కూడా అంటుతుంది, గొర్రె పిల్లలకు కీళ్లవాపు తెస్తుంది. సన్‌షైన్ కోస్ట్ విశ్వవిద్యాలయం వాళ్లు పదేళ్లకు పైగా కోలాల్లోనే, అడవిలో తిరిగే వాటిలో కూడా, పరీక్షించి ఒక్క మోతాదు టీకాను తయారుచేశారు. 2025 సెప్టెంబరులో ఆ దేశపు పశువుల మందుల నియంత్రణ సంస్థ దానికి అనుమతి ఇచ్చింది. మనుషులకు వచ్చే క్లామిడియాకు ఇంకా టీకా రాలేదు. కంటి ట్రకోమాకు 1960లలో మన దేశంలో సహా పలుచోట్ల టీకా ప్రయత్నాలు జరిగాయి. రక్షణ కొద్దికాలమే నిలిచింది. కోతుల్లో చేసిన పరీక్షల్లో కొన్ని టీకాలు తర్వాత వచ్చిన రోగాన్ని ఇంకా ఎక్కువ చేశాయని తేలడంతో పరిశోధన చాలా ఏళ్లు వెనకబడింది. ఇప్పుడు డెన్మార్క్, బ్రిటన్ శాస్త్రవేత్తలు కలిసి తయారుచేసిన ఒక టీకాను 35 మంది మహిళల్లో తొలిసారి పరీక్షించి, ఆ ఫలితాలను 2019లో ప్రకటించారు. మనిషి టీకా కోసం కోట్లు పెడుతున్న ప్రపంచంలో గొర్రె టీకా, కోలా టీకా ముందు వచ్చాయి. అసలు జీవిలోనే పరీక్షించే వీలు ఉండడం అందుకు ఒక కారణం.

మన దగ్గర ఇలాంటి పని చేతకాదని ఎవరైనా అంటే మేము ఒప్పుకోం. పారుడు రోగానికి వాడే టీకా మన సొంతం. హిమాచల్‌లోని సుంగ్రిలో దొరికిన వైరస్ రకంతో భారత పశువైద్య పరిశోధన సంస్థ చేసింది. నీలి నాలుక ఇంకా మంచి ఉదాహరణ. ఆ వైరస్‌లో ఇరవైకి పైగా రకాలున్నాయి. బయటి దేశం టీకా తెస్తే మన మందల్లో తిరిగే రకానికి సరిపోకపోవచ్చు. అందుకే వ్యవసాయ పరిశోధన మండలి కింద దేశవ్యాప్త ప్రాజెక్టు పెట్టి, ఏ రాష్ట్రంలో ఏ రకం తిరుగుతోందో ఏళ్ల తరబడి నమూనాలు సేకరించి, అయిదు రకాలు కలిపిన టీకా చేశారు. ఆ పనిలో తెలుగు గడ్డమీది ప్రయోగశాలలకూ భాగం ఉంది. నమూనాతో మొదలై టీకాతో ముగిసింది. క్లామిడియాకు ఇప్పటికీ మనం ఆ మొదటి మెట్టు దగ్గరే ఆగి ఉన్నాం.

కాబట్టి "విదేశీ టీకా దిగుమతి చేయండి" అన్నది ఈ నెల మా డిమాండ్ కాదు. బతికున్న క్రిమితో చేసిన టీకాను, మన మందల్లో రోగం ఎంత ఉందో, ఏ రకం ఉందో తెలియకుండా దేశంలోకి తెచ్చి చల్లడం తొందరపాటు. పైగా మన మందలు చలువ షెడ్లలో ఉండవు. ఎండలో పాలమూరు నుంచి కృష్ణా తీరం దాకా నడుస్తాయి, ఏడాదంతా అక్కడక్కడా చూడి గొర్రెలు ఉంటాయి. "పొట్టేలు కలపడానికి నాలుగు వారాల ముందు" అన్న షరతు, పొట్టేలు ఎప్పుడూ మందలోనే తిరిగే చోట ఎలా అమలవుతుంది? నెల్లూరు గొర్రె, దక్కనీ గొర్రె మీద, మన వాతావరణంలో పరీక్షించాకే ఏ టీకా అయినా మన దొడ్డిలోకి రావాలి.

మేము ముందుగా అడిగేది పరీక్ష. ఈసుకుపోయిన ప్రతి మంద నుంచి నమూనా తీసుకుని, బ్రూసెల్లాతో పాటు క్లామిడియాకూ పరీక్ష చేసి, ఫలితం కాపరికి రాసివ్వాలి. ఇది ప్రతి జిల్లా పశు వ్యాధి నిర్ధారణ ప్రయోగశాలలో ఉచితంగా జరగాలి. గొర్రెల పంపిణీ పథకాల్లోనూ ఇదే వర్తించాలి. తెలంగాణలో 2017లో మొదలైన పథకంలో లక్షా పాతికవేల యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున, పక్క రాష్ట్రాల నుంచి కూడా కొని తెచ్చారు. ముందు ముందు ఏ ప్రభుత్వం ఏ పేరుతో ఇలాంటి పథకం పెట్టినా, లక్షల జీవాలు రాష్ట్రాలు దాటేటప్పుడు ఈసుకుపోయే రోగాలకు రక్త పరీక్ష తప్పనిసరి చేయాలి. లబ్ధిదారుడు కట్టే 25 శాతం వాటాతో అతను రోగాన్ని కొనుక్కోకూడదు.

బ్రూసెల్లా విషయంలో గొర్రెకు జరిగిన అన్యాయాన్నీ ఇక్కడే ప్రస్తావించాలి. 2019 సెప్టెంబరులో కేంద్రం గాలికుంటు, బ్రూసెల్లా నివారణకు 13,343 కోట్ల రూపాయలతో జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. బ్రూసెల్లా టీకా 4 నుంచి 8 నెలల వయసున్న ఆవు, గేదె పెయ్యలకే. గొర్రెకు, మేకకు లేదు. పాడి రైతుకు ఇచ్చారని మాకు బాధ లేదు, ఇవ్వాల్సిందే. గొర్రె కాపరి ఆ లెక్కలోకి ఎందుకు రాలేదన్నదే ప్రశ్న.

ఇంకో మాట ప్రత్యేకంగా మన ఇళ్లలోని ఆడవాళ్ల గురించి. క్లామిడియా అబార్టస్ మనుషులకూ అంటుతుంది. గర్భిణికి అంటితే గర్భం పోవచ్చు, తల్లి ప్రాణానికే ముప్పు రావచ్చు. బ్రూసెల్లా కూడా మనిషికి నెలల తరబడి జ్వరం, కీళ్ల నొప్పులు తెస్తుంది. ఈనే గొర్రెను పట్టుకునేది, మాయ తీసేది, బలహీనమైన పిల్లను కొంగులో వేసుకుని పొయ్యి దగ్గర వెచ్చబెట్టేది చాలా ఇళ్లలో ఆడవాళ్లే. కాపరి కుటుంబంలో గర్భిణికి గర్భం పోతే ఆస్పత్రిలో "ఇంట్లో గొర్రెలున్నాయా, ఈమధ్య ఏవైనా ఈసుకుపోయాయా" అని అడిగే అలవాటు రావాలి. పశువుల డాక్టరు, మనుషుల డాక్టరు ఒకరితో ఒకరు మాట్లాడుకునే ఏర్పాటు మండల స్థాయిలో ఉండాలని కోరుతున్నాం. టీకా వచ్చేలోపు ఇది ఖర్చు లేని పని.

మందు విషయం కూడా చెప్పాలి. మందలో ఈసుకుపోవడం మొదలయ్యాక మిగతా చూడి గొర్రెలకు డాక్టరు ఆక్సీటెట్రాసైక్లిన్ ఇంజెక్షన్ వేస్తారు. కొన్ని ఈతలు నిలుస్తాయి. కానీ రోగం మందలోంచి పోదు, క్రిమి బయటికి రావడం ఆగదు. ఏ రోగమో తెలియకుండా మెడికల్ షాపులో సీసా కొనుక్కొచ్చి పొడవడం వల్ల డబ్బు పోతుంది, క్రిములు మందుకు అలవాటు పడతాయి.

తొలకరిలో పొట్టేళ్లు కలిసిన మందల్లో ఎక్కువ ఈతలు కార్తీకం, మార్గశిరం అటూ ఇటూగా వస్తాయి. ఈ సీజన్‌లో మన గ్రామ శాఖలన్నీ ఒక నోటు పుస్తకం పెట్టాలని మా విజ్ఞప్తి. ఏ మందలో, ఏ తేదీన, ఎన్నో నెలలో, ఎన్ని గొర్రెలు ఈసుకుపోయాయి, అవి ఇంట్లో పుట్టినవా, కొని తెచ్చినవా, కొంటే ఏ సంతలో అన్నది రాయండి. ఈసుకుపోయిన వెంటనే 1962కు ఫోన్ చేయండి, లేదా మీ పశువైద్యశాలలో చెప్పండి. నమూనా తీసే పని వాళ్లదే. వాళ్లు వచ్చేదాకా మాయను, చచ్చిన పిల్లను కుక్కలు ముట్టకుండా కవరులో కట్టి నీడలో ఉంచండి. చేతికి తొడుగు లేకపోతే రెండు ప్లాస్టిక్ కవర్లు ఒకదానిమీద ఒకటి తొడుక్కోండి. గర్భిణులను ఆ దగ్గరికి రానివ్వకండి. నమూనా తీశాక మిగిలింది లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చండి, తడిసిన గడ్డిని కాల్చేయండి. ఈసుకుపోయిన గొర్రెను కొన్ని వారాలు మందకు దూరంగా కట్టండి. దాన్ని సంతకు తోలి పక్కవాడికి అంటగట్టకండి.

ప్రతి శాఖ ఆ పుస్తకంలోని లెక్కలను సంక్రాంతి నాటికి జిల్లా కమిటీకి పంపాలి. జిల్లాలవారీగా కూడి, పశుసంవర్ధక శాఖ డైరెక్టర్లకు రెండు రాష్ట్రాల్లోనూ వినతిపత్రంతో పాటు ఇస్తాం. నమూనా ఇచ్చినా ఫలితం రాని కేసులను వేరే కాగితం మీద రాయండి. వాటిని ముందు పెట్టే మాట్లాడతాం.